స్పెల్లింగ్ అంతా బట్టీయేనా?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. 'హ్యావ్', 'గివ్' చివర పలకని 'ఇ' ఎందుకని అడుగుతోంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కి రూల్స్ ఉన్నాయా, లేక బట్టీ పట్టాల్సిందేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉన్నాయండీ, చాలామందికి ఎవరూ చెప్పరంతే. ఇంగ్లిష్‌లో మాటని 'వి' అక్షరంతో ముగించడం ఆనవాయితీ కాదు, అందుకే పలకకపోయినా 'ఇ' వచ్చి చేరుతుంది. 'హోప్'లో చివరి 'ఇ' పని వేరు, అది ముందున్న 'ఓ'ని దాని పేరుతోనే పలికిస్తుంది, తీసేస్తే 'హాప్' అయిపోతుంది. 'ఇంగ్' చేర్చినా ఆ తేడా తెలియాలనే 'హాపింగ్'లో రెండు 'పి'లు, 'హోపింగ్'లో ఒకటే. ఈ ఒక్కటి పట్టుబడితే బోలెడన్ని మాటలు దారికొస్తాయి.

'నైఫ్'లో 'కె', 'నైట్'లో 'జి, హెచ్' ఒకప్పుడు నిజంగా పలికినవే. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో పుస్తకాలు అచ్చువేసే ప్రెస్ పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. 'డెట్' (అప్పు)లో 'బి' అయితే ఇంగ్లిష్‌వాళ్లు పలికింది కాదు, లాటిన్ మూలం కనబడాలని పండితులు తర్వాత ఇరికించారు, పిల్లలకి అది అనవసరమైన బరువనే నా అభిప్రాయం.

పాపతో మాటలు విడివిడిగా కాకుండా గుంపులుగా రాయించండి: నైట్, లైట్, రైట్, ఫైట్ అన్నీ ఒకేసారి.