డబ్బాలో పొడి, ఆఫీసులో జావ

ప్రశ్న: అక్కా, పొద్దున తినే తీరిక లేక ఆఫీసులో వేడినీళ్లు పోసుకుని తినే ఓట్స్ ప్యాకెట్లు కొంటున్నాను. నెల తిరిగేసరికి ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. పైగా మరీ తీపి. పోనీ అని ఇంట్లో ఉన్న మామూలు ఓట్స్ పట్టుకెళ్లి నీళ్లు పోస్తే అడుగున ఓట్స్, పైన నీళ్లు, దేని దారి దానిదే. ఆ ప్యాకెట్లలో అసలు ఏం కలుపుతారు? ఇంట్లో చేసుకోలేమా?

జవాబు: బ్రహ్మరహస్యం ఏమీ లేదమ్మా. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఓట్స్, చక్కెర, ఉప్పు, ఏదో ఒక వాసన, కొన్నిట్లో పాలపొడి, చిక్కదనానికి గ్వార్ గమ్ లాంటి జిగురు. అంతే. చాలావాటిలో ఓట్స్ తర్వాత రెండో పేరు చక్కెరదే. మీకు తీపి ఎక్కువగా అనిపించడంలో వింతేముంది?

అసలు కిటుకు ఓట్స్ మందంలో ఉంది. అటుకుల్లాంటి ఓట్స్ అన్నిటినీ ముందు ఆవిరి పట్టి, తర్వాత రోలర్ల మధ్య నొక్కుతారు. ఎంత పల్చగా నొక్కితే అంత తొందరగా నీళ్లు పీలుస్తాయి. మీ ఇంట్లో ఉన్నవి మందంగా ఉండే రకమై ఉంటాయి. వాటికి పొయ్యి మీద ఉడికే టైము కావాలి, మీరేమో కప్పులో వేడినీళ్లు పోసి ఊరుకుంటున్నారు. అందుకే అందులోని పిండి పదార్థం బయటికి రాక నీళ్లు నీళ్లలాగే మిగిలిపోతున్నాయి.

దీనికి మందు మీ మిక్సీలోనే ఉంది. మామూలు రోల్డ్ ఓట్స్ 400 గ్రాములు తీసుకోండి. మందపాటి బాణలిలో, సన్నటి సెగ మీద, కలుపుతూ వేయించండి. రంగు మారనక్కర్లేదు, కమ్మటి వాసన వస్తే చాలు, దించేయండి. పూర్తిగా చల్లారాక మూడో వంతు మాత్రం మెత్తగా పొడి చేయండి. వేడి మీద తిప్పారో, ఆవిరి చెమ్మకి మిక్సీ గోడలకి అంటుకుపోతుంది. మిగతా రెండు వంతుల్ని అలాగే వదిలేయండి, లేకపోతే పంటికి ఏమీ తగలక పసిపిల్లల ఆహారంలా ఉంటుంది. కప్పులో చిక్కదనం తెచ్చేది ఆ పొడే. గ్వార్ గమ్ చేసే పని అదే చేసిపెడుతుంది.

దీంట్లో పాలపొడి 150 గ్రాములు, చక్కెర 50 గ్రాములు, తలకొట్టిన టీస్పూన్ ఉప్పు, కావాలంటే దాల్చినచెక్క పొడి కలపండి. పది పూటలకి సరిపోతుంది. ఉప్పెందుకని మానేయకండి. అది లేని ఓట్స్ జావకి ఎంత చక్కెర వేసినా చప్పిడి పోదు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. అంతా ఒకే పెద్ద డబ్బాలో పోసి ఆఫీసు సొరుగులో పెట్టకండి. కదిలినప్పుడల్లా పొడి, చక్కెర కిందికి జారతాయి, రేకులు పైకి తేలతాయి. మొదటి రోజులు నీళ్ల జావ, చివరి రోజులు లేహ్యం తినాల్సొస్తుంది. ఇంట్లోనే పూటకి 60 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లోకి సర్దేయండి. త్రాసు లేకపోతే బాగా కలిపి, కప్పుతో పది సమభాగాలు చేయండి. కిస్‌మిస్, బాదం ముక్కలు విడిగా పెట్టుకుని తినేటప్పుడు వేసుకోండి. కిస్‌మిస్‌లో చెమ్మ ఉంటుంది, కలిపి పెడితే పాలపొడి ఉండ కడుతుంది.

తినే పద్ధతి: పింగాణీ మగ్గులోనో స్టీలు గిన్నెలోనో వేసి, ముందు కొద్దిగా మరుగుతున్న నీళ్లు పోసి ముద్దలా కలపండి. ఉండలు విడిపోయాక మిగతావి పోయండి. మొత్తం 180 నుంచి 200 మిల్లీలీటర్లు. మూత పెట్టి ఐదు నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. మూత లేకపోతే సాసరో ప్లేటో బోర్లించండి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి మొదట కాస్త పల్చగా ఉన్నా కంగారు పడొద్దు.

ప్రశ్న: మా ఆఫీసులో కెటిల్ లేదు. నీళ్ల మిషన్‌లో వేడినీళ్లు వస్తాయి గానీ మరగవు. ఇంట్లోనే కలిపి తీసుకెళ్లవచ్చా?

జవాబు: మామూలు టిఫిన్ డబ్బాలో కలిపి తీసుకెళ్లి గంటల తరబడి ఉంచి తినడం నాకు ససేమిరా ఇష్టం లేదు. తడిసిన పాలపొడి, ఓట్స్ గోరువెచ్చగా నిలవుంటే సూక్ష్మజీవులకి పండగే. పొడి పొడిగానే వెళ్లాలి. మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్క్‌లో పట్టుకెళ్లండి. అంతకుముందు ఫ్లాస్క్‌లో కాసిని వేడినీళ్లు పోసి, గిలకరించి పారబోస్తే లోపలి గోడ వేడెక్కుతుంది, తర్వాత పోసిన నీళ్లు ఎక్కువసేపు పొగలు కక్కుతాయి. మిషన్ నీళ్లే గతి అంటే, మిక్సీలో పొడి చేసే ఓట్స్‌ని మూడో వంతు నుంచి సగానికి పెంచి, పది నిమిషాలు మూత పెట్టండి. మైక్రోవేవ్ ఉంటే ఇంకేం కావాలి? కాకపోతే స్టీలు గిన్నె కాదు, పింగాణీ మగ్గే పెట్టండి, అదీ సగానికి మించి నిండకూడదు. ఓట్స్ పొంగడం మొదలైతే పాల కంటే మొండి. పళ్లెం తుడిచేది మీరే.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. చక్కెర మానేసి ఇదే తినొచ్చా?

జవాబు: చక్కెర మానేసినంత మాత్రాన సరిపోదండీ. ఓట్స్ ఎంత మెత్తగా పొడి చేస్తే అంత తొందరగా అరిగి రక్తంలో చక్కెర అంత వేగంగా పెరుగుతుంది. మీ డబ్బాలో పొడి వద్దు. మందపాటి ఓట్స్‌నే ఎక్కువసేపు నాననివ్వండి, గింజపప్పులు కాస్త ఎక్కువ వేసుకోండి, కిస్‌మిస్ జోలికి పోకండి. పాలపొడిలో కూడా సహజంగా చక్కెర ఉంటుంది, లెక్కలో వేసుకోండి. ఎంత తినాలన్నది మీ డాక్టరుగారినే అడగండి.

ప్రశ్న: తీపి పడదు. కారంగా కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా. చక్కెర, పాలపొడి, దాల్చినచెక్క తీసేసి, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు కొంచెం ఎక్కువ. నీళ్లు 150 మిల్లీలీటర్లు చాలు. నిజం చెప్పాలంటే నేను తినేది ఇదే.

ప్రశ్న: ఎన్నాళ్లు నిలవుంటుంది?

జవాబు: తడి చెంచా పెట్టనంతవరకు, గాలి చొరని డబ్బాలో నెల రోజులు హాయిగా ఉంటుంది. వెన్న తీసిన పాలపొడి వాడండి, కొవ్వున్న దానికి ముక్క వాసన తొందరగా వస్తుంది. బాదం పొడి కూడా అంతే, అది కలపకండి.