గాజు మీది తెల్ల చుట్టలతో భయం లేదు, ఉప్పు చూడు

తమ్ముడూ, మూడు వారాల కిందట పెట్టిన సముద్రపు ఆక్వేరియం ట్యాంకులో గాజు మీద తెల్ల చుట్టలొచ్చాయి, జోవాలు (పువ్వుల్లా గుంపుగా పెరిగే, పగడాల బంధువులైన జోవాంథిడ్‌లు) ముడుచుకున్నాయి అన్నావు. ఫొటో పెద్దది చేసి చూశాను. నత్తగుల్లలా చుట్టుకుని, కదలకుండా, ఆవగింజంత ఉన్నాయి కదా, అవి స్పైరార్బిడ్ పురుగులు. లైవ్ రాక్‌తో, అంటే జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాయితో, వచ్చేస్తాయి. నీళ్లలో నలుసులు తిని బతుకుతాయి, కోరల్ (పగడపు జీవుల) జోలికి రావు. దయచేసి మందు వేయకు. తుప్పు రంగులో, తోక చీలి, జారుతూ పోయేవి కనబడితే మాత్రం ఫ్లాట్‌వర్మ్‌లు, సైఫన్‌తో లాగెయ్.

నా అనుమానమంతా నీళ్ల మీదే. విశాఖ ఆర్కే బీచ్ నీళ్లు పోశానన్నావు. వానల తర్వాత మన తీరంలో ఉప్పదనం తగ్గిపోతుంది, గెడ్డల (వాగుల) మురుగూ అక్కడే కలుస్తుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకుని కొలువు. తక్కువుంటే ఒక్కసారే ఉప్పు గుమ్మరించకు. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లు పోస్తూ నాలుగైదు రోజుల్లో 35కి తీసుకురా. ఇకమీదట ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లలో రీఫ్ సాల్ట్ (కోరల్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలుపుకోవడమే మంచిది.

రాత్రి లైటు ఆపాక టార్చి వేసి జోవాల సందుల్లో చూడు. వాటి రంగే పులుముకుని చిన్న న్యూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) దాక్కుంటాయి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, కొన్ని జోవాల్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. కొలతలు రాగానే ఇక్కడ రాయి, చూస్తాను.