ఉలవలకూ బ్లడ్ గ్రూపుకూ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా అమ్మకు తిరుపతిలో ఆపరేషన్ చేయాలని, ముందుగా రక్తం సిద్ధం చేసుకోమని చెప్పారు. బ్లడ్ బ్యాంకులో మొదట గ్రూపు సరిగా తేలడం లేదన్నారు, తర్వాత ‘ఏ2’ అని రాసిచ్చారు. ఎలా తేల్చారని అడిగితే అక్కడి టెక్నీషియన్ ‘ఉలవలతోనమ్మా’ అన్నారు. అది నిజమా, వేళాకోళమా? పైగా ఉలవలు, చిక్కుళ్ళలో ఉండే లెక్టిన్లు విషమని ఫోన్‌లో వీడియోలు వస్తున్నాయి. మా ఇంట్లో వారానికి రెండుసార్లయినా ఉలవకట్టు ఉంటుంది. మానేయాలా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: ఆ టెక్నీషియన్ చెప్పింది అక్షరాలా నిజం. వారు వాడినది ఉలవగింజల నుంచి తీసిన లెక్టిన్. ఆ చిన్న సీసా మీద ఉలవల పాత శాస్త్రీయ నామం, డోలికోస్ బైఫ్లోరస్ అని, సాధారణంగా ముద్రించి ఉంటుంది. లెక్టిన్లంటే ఫలానా చక్కెరను మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు. మన ఎర్రరక్తకణాల మీద చక్కెర గొలుసులుంటాయి. ‘ఏ’ గ్రూపు వారిలో ఆ గొలుసు చివర ఉండేది ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమైన్ అనే చక్కెర, ఉలవల లెక్టిన్ పట్టుకునేదీ దానినే. ఒక్కో లెక్టిన్ అణువుకు ఒకటికి మించి పట్టులుండడం వల్ల అది పక్కపక్కనున్న కణాలను కలిపి బిగిస్తుంది. అప్పటిదాకా కుంకుమ నీళ్ళలా నున్నగా ఉన్న రక్తపు చుక్క విరిగిన పాలలాగా ముద్దలు ముద్దలుగా విడిపోతుంది.

‘ఏ’ గ్రూపులో ముఖ్యమైన ఉపరకాలు ఏ1, ఏ2. ఏ1 కణం మీద ఈ చక్కెర గుర్తులు సుమారు 10 లక్షలుంటే, ఏ2 కణం మీద దాదాపు రెండున్నర లక్షలే ఉంటాయి. చిక్కటి ఉలవ రసం రెండింటినీ ముద్దకట్టిస్తుంది. తగినంత పలచన చేస్తేనే ఏ1 కణాలు ముద్దకట్టి, ఏ2 కణాలు కట్టకుండా ఉంటాయి. (ఇంట్లో ఉలవలు నానబెట్టి వేలు పొడుచుకుని చూద్దామనుకునే ఉత్సాహవంతులు ఈ సంగతి గమనించాలి.) ఉలవలకున్న ఈ గుణాన్ని 1951లో ప్రకటించిన జి.డబ్ల్యూ.జి. బర్డ్ అప్పట్లో మన దేశంలోనే పనిచేసేవారు. ఇక మొదట గ్రూపు తేలకపోవడానికి కారణం బహుశా ఇది: ఏ2 వారిలో కొందరి సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) ఏ1 కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీ ఉంటుంది, దానితో కణాల పరీక్ష ఒక మాట, సీరం పరీక్ష ఇంకో మాట చెబుతాయి.

1952లో ముంబయిలో గుర్తించిన, చాలా అరుదైన బాంబే గ్రూపును నిర్ధారించడానికి కూడా యూలెక్స్ అనే ముళ్ళపొద గింజల లెక్టిన్ వాడతారు.

పరిశోధనలో అన్నిటికన్నా పెద్ద మేలు చేసింది, నా దృష్టిలో, రాజ్మా గింజల లెక్టిన్. రక్తం నుంచి ఎర్రకణాలను తొలగించడానికి కలిపిన ఆ పదార్థం తెల్లకణాలను విభజన చెందేలా చేస్తోందని 1960లో పీటర్ నోవెల్ గమనించారు. క్రోమోజోములు విడివిడిగా కనబడేది కణం విభజన చెందేటప్పుడే కాబట్టి, పిల్లల్లో డౌన్ సిండ్రోమ్ వంటివి నిర్ధారించే క్రోమోజోమ్ పరీక్షకు ఇప్పటికీ రక్తంలో ఆ లెక్టిన్ కలిపి సుమారు 72 గంటలు పెంచుతారు. మసూర్ పప్పు లెక్టిన్‌కు అంటుకునే ఒక రకం ఆల్ఫా-ఫీటోప్రోటీన్ (రక్తంలో కొలిచే ఒక ప్రోటీన్) మోతాదును కాలేయ క్యాన్సర్ అనుమానంలో చూస్తారు.

ఉలవకట్టు నిస్సందేహంగా తినండి. గంటల తరబడి ఉడికిన ఉలవల్లో లెక్టిన్ పనిచేసే స్థితిలో మిగలదు. జాగ్రత్త పడవలసింది రాజ్మా విషయంలో: కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట కుతకుత ఉడికించాలి. పచ్చివి, సగం ఉడికినవి తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

అమ్మగారి ఏ2 కాగితాన్ని మాత్రం జాగ్రత్త చేయండి. ఏ1 వ్యతిరేక యాంటీబాడీ ఉందనీ, అది శరీర ఉష్ణోగ్రత దగ్గర కూడా పనిచేస్తోందనీ తేలితే, ఆమెకు ఏ2 లేదా ఓ గ్రూపు కణాలే ఎక్కించాలి. వేరే ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే అడగకముందే ఆ కాగితం చూపించండి.