సమాధానం: తమ్ముడి పట్నం పోకడలు

కోర్సు కోసం అమీర్‌పేట వెళ్లిన మీ తమ్ముడు పండక్కి వచ్చి టీ వద్దు బ్లాక్ కాఫీ కావాలన్నాడనీ, రాత్రిపూట కూడా నల్లకళ్లద్దాలు తీయలేదనీ, అమ్మతో సగం ఇంగ్లీషులో మాట్లాడాడనీ రాశారు. మందలించాలా, ఊరుకోవాలా అన్నది మీ సందేహం.

కాఫీ, కళ్లద్దాల జోలికి వెళ్లకండి. ఊళ్లో అతను ఎప్పటికీ ఫలానా వారి అబ్బాయే. ఎవరి కొడుకువని అడగని జనంలో కొత్త మనిషిలా నడిచి చూడాలని ఆ వయసులో ఎవరికి ఉండదు? (పండక్కి వచ్చిన బంధువుల ముందు మాత్రం వెక్కిరించకండి. పంతం పెరుగుతుంది.)

అసలు చూడవలసింది డబ్బు. లండన్‌లో సొగసుకాడిగా పేరు మోసిన బో బ్రమ్మెల్ దుస్తుల తీరును దొరలే అనుకరించేవారు. చివరికి అప్పులవాళ్లకు భయపడి 1816లో ఫ్రాన్స్‌కు పారిపోయాడు. కాబట్టి హాస్టల్ అద్దె సమయానికి కడుతున్నాడా, ఫోను వాయిదాల మీద కొన్నాడా, స్నేహితుల దగ్గర చేబదుళ్లు ఉన్నాయా అని ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి. అప్పు ఉంటే ముందు దాని సంగతి తేల్చండి.

లేకపోతే ఒక ఆదివారం మీరే హైదరాబాద్ వెళ్లండి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, అఫ్జల్‌గంజ్‌లో 1891లో మొదలైన గ్రంథాలయం, రవీంద్రభారతిలో ఏదైనా నాటకం... తక్కువ ఖర్చుతో దొరికే నగరం కూడా ఉంది. మీకు ఊరు చూపించే పని అతనికే అప్పగించండి.

అమ్మతో మాట తీరు గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పండి.