హోమ్ డిపోనా, లోస్‌నా అని అడిగే ముందు మీ ఖాతాలో ఎంతుందో చూడండి

ప్రశ్న: మాది టెక్సాస్, డాలస్ శివారు. నేను హెచ్‌1బి వర్క్ వీసా మీద ఉన్నాను. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, బాబుకి మూడేళ్లు. 2022లో ఇల్లు కొన్నాం. వంటగది బాగా పాతబడింది, సింక్ కింద క్యాబినెట్ తడికి ఉబ్బిపోయింది. ఇంటి మరమ్మతు సామాను అమ్మే హోమ్ డిపో, లోస్ స్టోర్లు రెండింటికీ వెళ్లి కొటేషన్లు తెచ్చుకున్నాం. ఒకచోట 18,400 డాలర్లు, స్టోర్ కార్డు మీద 18 నెలలు వడ్డీ లేదంటున్నారు. రెండోచోట కూడా దాదాపు అంతే, కార్డు తీసుకుంటే 5 శాతం తగ్గిస్తామంటున్నారు. ఒక స్టోర్‌లో శనివారం గంటసేపు తిరిగినా పలికిన దిక్కు లేదు. రెండో స్టోర్‌లో డిజైనర్ కూర్చోబెట్టి వంటగది మొత్తం కంప్యూటర్‌లో గీసి చూపించారు. బ్యాంకులో 9,000 ఉంది. నెల ఖర్చులు 6,500 పోను 800 మిగులుతుంది. మార్చిలో బోనస్, పన్నులు పోను 5,000 చేతికొస్తుంది. వాషర్, డ్రయ్యర్ కొన్న పాత స్టోర్ కార్డు మీద ఇంకా 1,350 ఉంది. రెండింటిలో ఏ కార్డు మేలు? రిటైర్మెంట్ ఖాతా 401కె నుంచి లోన్ తీసుకోవచ్చా?

జవాబు: ఈ పరిస్థితిలో రెండు కార్డులూ వద్దు. వంటగది కూడా ఇప్పుడే వద్దు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇల్లు కొన్న రెండు మూడేళ్లకు మనవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే కాలు జారుతున్నారు. రెండు స్టోర్ల మధ్య పోటీని, క్యాబినెట్ ధరల్లో తేడాని గంటల తరబడి పరిశీలిస్తారు. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని వారాలు వస్తుందో మాత్రం లెక్క వేసుకోరు.

మీకొచ్చే లెక్క ఇది. 9,000ని 6,500తో భాగిస్తే దాదాపు 1.4 నెలలు, అంటే ఆరు వారాలు. మీరేమో హెచ్‌1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే మీకిచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. దేశంలో ఉండటానికి అనుమతించిన తేదీ చూపే ఐ-94 అంతకుముందే ముగిస్తే ఇంకా తక్కువే. ఆ గడువులో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, ఆ కంపెనీ పిటిషన్ వేయాలి. ఆరోగ్య బీమా కావాలంటే, ఉద్యోగం పోయాక కూడా కంపెనీ బీమాను కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం కింద ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో సహా మొత్తం ప్రీమియం మీరే కట్టుకోవాలి, పైన 2 శాతం వరకు అదనం. మార్ట్‌గేజ్ ఎలాగూ ఆగదు. ఆఖరికి ఇండియాకి తిరిగి వెళ్లాల్సి వస్తే టికెట్లు, సామాను, ఇల్లు అమ్మే ఖర్చులు. గ్రీన్ కార్డు ఉన్న కుటుంబానికి ఆపద కోసం పక్కన పెట్టుకునే ఎమర్జెన్సీ ఫండ్ ఎంత అవసరమో, మీకు అంతకు రెట్టింపు అవసరం. ఒక్క జీతం, ఒక్క వీసా, పసిబిడ్డ. ఈ స్థితిలో 18,400 బాకీ తలకెత్తుకోవడం నాకు ఏ కోణం నుంచి చూసినా సమర్థనీయంగా కనిపించడం లేదు.

ఇక ఆ "వడ్డీ లేదు" అన్న మాట సంగతి. దాని పక్కనే చిన్న అక్షరాల్లో "గడువులోగా పూర్తిగా చెల్లిస్తే" అని ఉంటుంది. చాలా స్టోర్ కార్డుల ఆఫర్లు ఇలాంటివే. వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలో పడుతూ ఉంటుంది, అడగడం ఒక్కటే వాయిదా వేస్తారు. మీరు నెలకు 800 చొప్పున 18 నెలలు క్రమం తప్పకుండా కట్టారనుకుందాం. 14,400 కట్టినట్టు, ఇంకా 4,000 మిగిలి ఉంటుంది. ఈ కార్డుల వడ్డీ రేట్లు 30 శాతం చుట్టూ ఉంటాయి. ఆ లెక్కన మొదటి రోజు నుంచి పోగైన వడ్డీ 5,200 దాటి ఒకేసారి మీ నెత్తిన పడుతుంది. మిగిలిన అసలు కంటే వడ్డీయే ఎక్కువ! మీరు ఒక్క వాయిదా కూడా తప్పకపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే 18,400ని 18తో భాగిస్తే నెలకు 1,000 దాటుతుంది. మీ దగ్గర మిగిలేది 800. ఈ భాగహారం చేయకుండా సంతకం పెట్టబోయారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఆ పాత కార్డు గురించి మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు ముందు భయం వేసింది దాన్ని చూసే. అదీ గడువు ఆఫరే అయితే ఈ రోజే స్టేట్‌మెంట్ తీసి గడువు తేదీ చూడండి. మినిమమ్ పేమెంట్‌కి ఆటోపే పెట్టుకుని ఉంటే గడువులోగా బాకీ తీరుతుందన్న నమ్మకం లేదు. పైగా అదే కార్డు మీద తర్వాత పెయింటో మొక్కలో కొని ఉంటే, మినిమమ్‌కి మించి కట్టింది ముందు ఆ మామూలు కొనుగోళ్లకే పోతుంది. చివరి రెండు బిల్లింగ్ నెలల్లో మాత్రమే ఆ అదనం ముందుగా వాయిదా వడ్డీ బాకీకి చేరాలని చట్టం చెబుతోంది. ఇవన్నీ చూసుకుంటూ కూర్చోకండి. 9,000లోంచి 1,350 తీసి రేపే కట్టేయండి, ఆ కార్డు ఇక వాడకండి.

స్టోర్‌లో మీకు ఎదురైన అనుభవం విషయానికొస్తే, దానికీ ఈ నిర్ణయానికీ సంబంధం లేదు. హోమ్ డిపోకి అమెరికాలో 2,000కు పైగా స్టోర్లు, లోస్‌కి 1,700కు పైగా. హోమ్ డిపో అమ్మకాల్లో దాదాపు సగం కాంట్రాక్టర్లవే. లోస్‌కి సొంతంగా పని చేసుకునే ఇంటివాళ్లే ఎక్కువ. ఎవరికి ఏ స్టోర్ నచ్చుతుందన్నది ఆ ఊరి స్టోర్‌ని బట్టి, ఆ పూట ఉన్న మనిషిని బట్టి మారుతుంది. అదీగాక ఆ డిజైనర్ మీ ఇంటికి వచ్చి క్యాబినెట్లు బిగించరు. రెండు చోట్లా ఇన్‌స్టలేషన్ చేసేది బయటి కాంట్రాక్టర్లే. ధర ఎదుటివాళ్లతో సమానం చేస్తామని ఇద్దరూ అంటారు కానీ, అది అచ్చంగా అదే మోడల్‌కి. క్యాబినెట్ల బ్రాండ్లు, లైన్లు రెండుచోట్లా చాలావరకు ఒకటి కావు కాబట్టి ఆ మాట మీకు పెద్దగా అక్కరకు రాదు. పాతవి ఊడదీసి పారేయడం, ప్లంబింగ్, సేల్స్ టాక్స్ రెండు కొటేషన్లలోనూ ఉన్నాయో లేదో చూశారా? సాధారణంగా తేడా అక్కడే దాక్కుంటుంది. ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న క్యాబినెట్లు నచ్చకపోతే వెనక్కి తీసుకోరన్నది కూడా గుర్తుంచుకోండి.

లోస్ 5 శాతం అంటే 920 డాలర్లు. మంచి తగ్గింపే, కాదనను. కానీ ఆ 5 శాతం, గడువు ఆఫరు రెండూ ఒకే కొనుగోలుకు కలిపి ఇవ్వరు. ఏదో ఒకటే. 5 శాతం తీసుకుంటే మొదటి స్టేట్‌మెంట్ రాగానే మొత్తం కట్టగలగాలి. ఆ డబ్బు చేతిలో ఉన్న రోజున ఆ కార్డు తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

401కె లోన్ అసలు వద్దు. ఉద్యోగం పోతే, ఆ ఏడాది టాక్స్ రిటర్న్ వేసే గడువులోగా తీర్చకపోతే మిగిలినదంతా ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకి పైన 10 శాతం జరిమానా. సరిగ్గా డబ్బు అవసరమైన నాడే మీద పడే బాకీ అది. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి తీసుకునే హెలాక్ అప్పుకి వడ్డీ తక్కువే, అయినా ఫండ్ లేకుండా అదీ వద్దు.

ఇప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది. సింక్ కింద తలుపు తీసి, పొడి టిష్యూ పేపరుతో ఒక్కో జాయింట్ తుడవండి. నీటి గొట్టం దగ్గర తడుస్తోందా, వంపు తిరిగిన ట్రాప్ దగ్గరా అన్నది తెలిసిపోతుంది. ఆ విడిభాగాలు ఏ స్టోర్‌లో కొన్నా తక్కువ డబ్బుతో అయిపోతాయి, చేతకాకపోతే ప్లంబర్‌ని పిలవండి. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. హఠాత్తుగా పైపు పగిలితే ఇంటి బీమా సాధారణంగా ఆదుకుంటుంది. నెలల తరబడి కారుతూ వచ్చిన నీళ్ల వల్ల జరిగిన నష్టానికి మాత్రం సాధారణంగా క్లెయిమ్ తిరస్కరిస్తారు. క్యాబినెట్ బాక్సులు గట్టిగా ఉంటే ఉబ్బిన ఆ ఒక్కటి మార్చి, మిగతా తలుపులకు రంగు వేసుకుని ఏడాది గడపవచ్చు.

పాత కార్డు తీర్చాక 7,650 మిగులుతుంది. నెలకు 800, మార్చి బోనస్ మొత్తం కలిపితే తొమ్మిది పది నెలల్లో 20,000కు చేరతారు. అంటే మూడు నెలల ఖర్చు. వంటగదికి వేరే ఖాతా తెరవడం ఆ తర్వాతే. అక్కడి నుంచి మిగిలే డబ్బులో సగం దానికి, సగం ఫండ్‌కి, ఆరు నెలల ఖర్చు అయిన 39,000 చేరే వరకు. ఆలస్యమవుతుందని మీ ఆవిడకు నిరాశ కలగవచ్చు. ఆ 60 రోజుల లెక్క ఆమెతో కూర్చుని చూడండి.

చివరగా, డాలస్ ప్రాంతం కాబట్టి ఇది అడగక తప్పదు. మీ ఇంటి బీమా పాలసీ మొదటి పేజీల్లో గాలి, వడగళ్ల డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరే భరించాల్సిన మొత్తం, ఎంతని రాసి ఉంది? టెక్సాస్‌లో అది చాలా పాలసీల్లో డాలర్లలో కాకుండా శాతంలో ఉంటుంది. ఇంటికి 4,00,000 కవరేజీ, డిడక్టిబుల్ 2 శాతం అయితే ఒక్క వడగళ్ల వానకి మీ జేబులోంచి 8,000 వరకు పోతుంది. దాన్ని మేం చూసుకుంటామని ఎవరైనా రూఫింగ్ కాంట్రాక్టర్ అంటే నమ్మకండి, టెక్సాస్‌లో అది చట్టవిరుద్ధం. 1 శాతానికి తగ్గిస్తే ప్రీమియం ఎంత పెరుగుతుందో ఏజెంట్‌ని అడగండి. మురుగు నీరు వెనక్కి తన్నితే వర్తించే కవరేజీ ఉందో లేదో కూడా అదే ఫోన్‌లో కనుక్కోండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ జీవిత బీమా కాకుండా మీ పేరున విడిగా టర్మ్ జీవిత బీమా పాలసీ ఉందా అన్నది ఉత్తరంలో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.