టెక్ సందేహాలు: ఏరేటరు హోరుకీ ఓ శ్రుతి ఉంది

వాయిద్యం లేకపోయినా ఫోనూ, పాత కంప్యూటరూ ఉంటే సంగీతం చేసుకోవచ్చని మాటవరసకి రాశాను ఆమధ్య. అంతే, భీమవరం నుంచి అమలాపురం దాకా ఉత్తరాలే ఉత్తరాలు. ఫోను వేడెక్కుతోంది, సిమ్ము దొరకట్లేదు అని రాసినవాళ్ళు ఈసారికి క్షమించాలి.

*సార్, మా రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా నాదే. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే దరువేసినట్టు ఉంటుంది. ఫోన్లో రికార్డు చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు బాగానే వస్తోంది, ఆ తర్వాత నీళ్ళలో మునిగిపోయినట్టు అయిపోతోంది. ఫోను పాడైందాండీ? ఆ చప్పుడుతో ఏమైనా చెయ్యొచ్చా? (భీమవరం దగ్గర పల్లె)*

ఫోను బాగానే ఉందండీ, కాస్త అతితెలివి చూపిస్తోంది. దాన్ని తయారుచేసినవాళ్ళు మనుషుల మాటలే దృష్టిలో పెట్టుకున్నారు. ఒకే తీరుగా సాగే చప్పుడేదైనా దాని లెక్కలో రొదే. ఫ్యాను, వాన, ఏరేటరు, దేన్నైనా కాసేపు విని, ఇది మాట కాదని తేల్చుకుని అణిచేస్తుంది. మధ్యలో మీరు దగ్గితే మాత్రం ఆ దగ్గు చక్కగా పడుతుంది, గమనించే ఉంటారు.

నాకూ ఈ శాస్తి జరిగింది. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద ఇరవై నిమిషాలు కూర్చుని, ఆర్చి వంతెన మీద గూడ్సు వెళ్తుంటే రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే రైలు ఊసే లేదు. గోదారి గాలి బుర్రుబుర్రుమని, మధ్యలో వేరుశనక్కాయలవాడి కేక. ఆ కేక మాత్రం స్టూడియోలో తీసినంత శుభ్రంగా ఉంది.

దీనికి మందుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లలో మైకు శబ్దాన్ని ఏ శుద్ధీ చెయ్యకుండా ఉన్నదున్నట్టు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఆడియో సోర్స్ అని ఉంటే అందులో ‘అన్‌ప్రాసెస్డ్’ ఎంచుకోండి. అది కనిపించకపోతే ‘వాయిస్ రికగ్నిషన్’ పెట్టి చూడండి, చాలా ఫోన్లలో అదీ శబ్దం జోలికి అంతగా పోదు. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్‌లో తియ్యండి. గాలికి మీ వీపు అడ్డంపెట్టి కూర్చోండి. మైకు రంధ్రం మీద పల్చగా దూది పింజ అతికిస్తే సగం గాలి అక్కడే ఆగిపోతుంది.

ఇక పాట సంగతి. చెరువు గట్టున మీ చెవిలో పడేది రెండు శబ్దాలు. ఒకటి రెక్కలు నీళ్ళని కొట్టే దరువు. నిమిషానికి ఎన్ని దెబ్బలో గడియారం పెట్టి లెక్కపెట్టండి, ఆ అంకే మీ పాటకి టెంపో, అంటే నడక వేగం. రెండోది మోటారు హోరు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. మోటారులోని అయస్కాంతం లాగుడు మాత్రం మారిన ప్రతిసారీ రెండుమార్లు బలపడుతుంది కాబట్టి హోరు సెకనుకి 100 సార్లు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కూడా ఆ శ్రుతిలోనే గుంయ్‌మంటుంది. కీబోర్డు మీద వెతికితే ఎడమవైపు ‘జి’ స్వరానికి కాస్త పైన, అంటే అరస్వరంలో (పక్కపక్క మీటల మధ్య తేడాలో) మూడో వంతు పైన దొరుకుతుంది. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కరెంటున్నంత సేపూ ఈ తంబూరా మోగుతూనే ఉందన్నమాట! అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి అక్కడి హోరు 120. న్యూయార్క్‌లో లా మోంట్ యంగ్ అనే సంగీతకారుడు 1960లలో ఆ కరెంటు హోరునే ఆధార శ్రుతిగా పెట్టుకుని గంటల తరబడి సాగే సంగీతం చేశాడు. ఆ తర్వాత ఆయనే మన హిందుస్తానీ సంగీతంలో కిరాణా ఘరానా అనే సంప్రదాయానికి చెందిన గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడయ్యాడు.

మీరు చెయ్యాల్సిందేంటంటే, కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. రికార్డింగులోంచి సరిగ్గా నాలుగు దెబ్బల ముక్క కత్తిరించండి. కత్తిరింపు, తెర మీద కనిపించే శబ్దపు అల మధ్య గీతని దాటే చోటే పడాలి, లేకపోతే తిరిగిన ప్రతిసారీ టక్‌మంటుంది. ఆ ముక్కని రిపీట్ కొడితే దరువు సిద్ధం. తర్వాత ఒక్క నీటి దెబ్బని మాత్రం వేరే ట్రాకులో పెట్టి, ఎఫెక్ట్స్‌లో ఉండే పాల్‌స్ట్రెచ్‌తో యాభై రెట్లు సాగదీయండి. అర సెకను చప్పుడు పాతిక సెకన్ల మబ్బులా పరుచుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేవలేదు. గాలి బుర్రు పోవడానికి కింది స్వరాలు కోసే ఫిల్టరు వాడితే 60 హెర్ట్జ్ దాటి కొయ్యొద్దు, మీ తంబూరా పోతుంది.

ఇదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన పిచ్చి అనుకోకండి. పియేర్ షేఫర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజినీరు 1948లో పారిస్‌లోని బాతిన్యోల్ స్టేషన్లో రైలింజన్ల చప్పుళ్ళు పట్టి, వాటితోనే ఓ సంగీత ఖండిక కట్టాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడా లేదు. గ్రామఫోను రికార్డు మీద గాడిని గుండ్రంగా మూసేస్తే ముల్లు అక్కడక్కడే తిరిగి ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ మోగేది. మీరు ఇప్పుడు మౌసుతో చేసే లూపు అదే.

ఇంకో సరదా. ఎలక్ట్రానిక్స్ కొట్లో 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్ళ అడగండి, బజర్లలో ఉండే ఇత్తడి రంగు రేకు. రెండు తీగలు టంకం పెట్టి దేనికి అతికిస్తే దాని లోపలి కదలికని వినిపిస్తుంది. కాలవ మీద లాకుల తలుపులకి అతికించి చూడండి, లోపల నీళ్ళు గొణుగుతుంటాయి. ఫోను మైకు జాక్‌కి నేరుగా పెడితే బాస్ అంతా పోయి రేకు డబ్బాలా వస్తుంది. గిటారు పెట్టుకునే ఇన్‌పుట్ ఉన్న, శబ్దాన్ని కంప్యూటరుకి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెడితేనే దాని అసలు గొంతు. నీరు చొరకుండా సిలికాన్ పూసి చెరువులో దింపితే రొయ్యలు మేత కొరికే చిటపట కూడా వినొచ్చు. ఆ చిటపటని విని ఎంత మేత వెయ్యాలో తేల్చుకునే యంత్రాలు మార్కెట్లో ఉన్నాయి, మీకు తెలిసే ఉంటుంది. ఒక్క హెచ్చరిక: ఏరేటరు మోటారు మీదో, ఫ్లోటు మీదో బిళ్ళ అతికించే పని పెట్టుకోవద్దు. తడిలో కరెంటుతో ఆటలొద్దు. బిళ్ళ దింపేటప్పుడూ ఆ చెరువు ఏరేటర్ల స్విచ్చి కట్టేసే దింపండి.

*రికార్డింగులో గుంయ్‌మని ఒకటే హోరు. చార్జరు తీసేస్తే పోతోంది. (రావులపాలెం)*

చూశారా, భీమవరం ఆయన ఏరికోరి పట్టుకుంటున్న హోరే మీకు శత్రువైంది! ల్యాప్‌టాప్ చార్జరు, సౌండు మిక్సరు వేర్వేరు ప్లగ్గుల్లో ఉండి, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఇలాగే వస్తుంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. రికార్డు చేసే పది నిమిషాలూ బ్యాటరీ మీదే నడపడం ఇంకా సుఖం. ఎర్తు పిన్ను విరిచేస్తే పోతుందని ఎవరైనా చెబితే వినకండి, హోరుతోపాటు ప్రాణమూ పోతుంది.

*గురువుగారూ, పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. సినిమా పాటలకి ఇబ్బంది లేదు. కీర్తన వాయించమంటే మాత్రం గమకం పలకదు. డెబ్బై వేలు పెట్టి కొత్త సింథసైజర్ కొంటే వస్తుందా? (కాకినాడ)*

ఆ డెబ్బై వేలు ముందు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీ కీబోర్డుకి ఎడమ పక్కన చక్రమో, చిన్న కర్రో ఉంటుంది కదా, పిచ్ బెండ్. కొన్నప్పుడు అది రెండు అరస్వరాలే వంగేలా పెట్టి పంపుతారు. ఫంక్షన్ మెనూలో బెండ్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని 12 చెయ్యండి. ఇప్పుడు సా మీద వేలుంచి పై సా దాకా జారొచ్చు. కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి భాష 1983 నాటిది. అందులో ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్నవాటికి 0 నుంచి 127 దాకా అంకెలే ఉన్నాయి. వంపుకి మాత్రం 16,384 మెట్లు ఇచ్చారు. అరస్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగాన్ని సెంటు అంటారు. రేంజ్ 12 పెట్టాక కూడా ఒక్కో మెట్టు సెంటులో ఏడో వంతే. తోడి రాగంలో గాంధారం ఊగడానికి ఇది చాలదంటే కీబోర్డు తప్పు కాదు. సాధన ఎడమ చేతికి కావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. చక్రం తిప్పితే ఆ చానల్లో (మిడిలో ఒక్కో వాయిద్యానికీ ఇచ్చే దారి అది) మోగుతున్నవన్నీ వంగుతాయి. కుడిచేత్తో కీర్తన, అదే చానల్లో కార్డూ (ఒకేసారి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే కార్డు కూడా ఊగి కడుపులో తిప్పుతుంది. తోడు వాయిద్యాన్ని వేరే చానల్లో పెట్టుకోండి. ప్రతి స్వరానికీ సొంత చానల్ ఇచ్చి, వేలు ఊపితే ఆ ఒక్క స్వరమే ఊగే పద్ధతి ఎంపీఈ పేరుతో 2018లో ప్రమాణమైంది. కొంటే గింటే అలాంటి కీబోర్డు కొనండి, పైసాకి పని జరుగుతుంది.

ఇంకో మాట. తంబూరా పక్కన కీబోర్డు వాయిస్తే ఎక్కడో గీరుకుంటున్నట్టు ఉంటుంది, ఎన్నోసార్లు మీకే అనిపించి ఉంటుంది. తంబూరాలో దానంతటది పలికే అంతర గాంధారం సా నుంచి 386 సెంట్లు. కీబోర్డు మీట 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడాయే గీరేది. సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో స్కాలా ఫైలు (స్వరాల శ్రుతుల పట్టిక) ఎక్కిస్తే పన్నెండు మీటల్నీ మీ చెవికి నచ్చిన శ్రుతిలో పెట్టుకోవచ్చు. మీ పాత కీబోర్డుని యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరుకి కలిపితే చాలు.

*డిగ్రీ రెండో ఏడాది. బాబాయి నెట్ సెంటర్ మూసేశాక 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటరు నాకిచ్చాడు. అందరూ వాడే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవడానికే పావుగంట పడుతున్నాయి. (అమలాపురం)*

తమ్ముడూ, నీ బాబాయికి నా నమస్కారాలు చెప్పు. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అనే జర్మన్ కుర్రాడు అమీగా కంప్యూటరు కోసం సౌండ్‌ట్రాకర్ అనే పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ రాశాడు. అదే ఏడాది వచ్చిన అమీగా 500కి ఉన్న మెమరీ 512 కేబీ. నీ దగ్గర దానికి 4096 రెట్లుంది. ఆ జాతి సాఫ్ట్‌వేర్లని ట్రాకర్లంటారు. తెర చూస్తే పంచాంగం పేజీలా నిలువు వరసల్లో అక్షరాలూ అంకెలూ పైకి జరిగిపోతుంటాయి, మొదటి రోజు బుర్ర తిరుగుతుంది. వారం ఓపిక పట్టు. సన్‌వాక్స్ అనే ట్రాకరు దించుకో, కంప్యూటరుకి ఉచితం, నీ దగ్గరున్నలాంటి ముసలి యంత్రం మీద కూడా పరిగెడుతుంది, లోపలే సింథసైజర్లున్నాయి. మాడ్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఏళ్ళ తరబడి జనం పెట్టిన పాటల ఫైళ్ళున్నాయి. వాటి గొప్పేంటంటే, ఓపెన్ఎంపీటీ లాంటి ట్రాకర్లో తెరిస్తే పాటతోపాటు అది కట్టిన తీరంతా, ఏ చప్పుడు ఏ గడిలో పడిందో సహా కనిపిస్తుంది. ఊళ్ళో గురువు లేడని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

*బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వాయిస్తే నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోంది. (నరసాపురం)*

రాక ఏం చేస్తుంది? బ్లూటూత్‌లో 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. గాల్లో శబ్దం అంతసేపట్లో 68 మీటర్లు పోతుంది. అంటే కాలవ అవతలి గట్టున స్పీకరు పెట్టుకుని ఇవతల వాయిస్తున్నట్టు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వాడండి, సాఫ్ట్‌వేర్లో బఫర్‌ని (శబ్దాన్ని కాసేపు పోగేసి వదిలే జాగా) 256 శాంపిళ్ళకి దించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 5 మిల్లీసెకన్ల పైచిలుకు, చెవికి తెలియదు.

*చప్పుళ్ళతో, రేడియో గరగరలతో ఏవో చేస్తుంటాను. మా ఫ్రెండ్స్‌కి వినిపిస్తే ‘ఒరే, మీ మిక్సీ పాడైందిరా’ అంటున్నారు. ఇలాంటివి వినేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా సార్? ఐదు సెకన్లలోపు అయితే పాత సినిమా పాట ముక్క వాడుకోవచ్చంటున్నారు, నిజమేనా? (పాలకొల్లు)*

ఉంటారు. డిస్‌క్వయెట్ జుంటో అని ఇంటర్నెట్లో ఓ సంగీత బృందం ఉంది, 2012 జనవరిలో మార్క్ వైడెన్‌బామ్ మొదలుపెట్టాడు. ప్రతి గురువారం ఒక పని ఇస్తారు, సోమవారం అర్ధరాత్రిలోపు చేసి పెట్టాలి. ఆ అర్ధరాత్రి ఎవరి ఊరి గడియారం ప్రకారం వాళ్ళకి, అదో మర్యాద. మొట్టమొదటి పని ఏంటో తెలుసా? గ్లాసులో ఐసుముక్క గలగల రికార్డు చేసి దాంతో ఏదైనా చెయ్యమన్నారు. సోడా బండి పక్కన నిలబడి చెయ్యగల పని. బహుమతుల్లేవు. ఒకరిది ఒకరు విని రెండు ముక్కలు రాసుకుంటారు. ముందు నువ్వు పదిమందివి విని రాయి, నీది వినేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తనది పడేసి వెళ్ళిపోయేవాణ్ణి అక్కడా ఎవరూ పట్టించుకోరు.

ఫ్రీసౌండ్ కూడా చూడు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంవాళ్ళు 2005 నుంచి నడుపుతున్న చప్పుళ్ళ ఖజానా. దించుకునేముందు ప్రతి చప్పుడు కిందా లైసెన్సు చదువు. కొన్ని ఎలాగైనా వాడుకోవచ్చు, కొన్నిటికి తీసినవాళ్ళ పేరు చెప్పాలి, కొన్ని డబ్బు సంపాదనకి పనికిరావు. నీవైపు నుంచి పడవ రేవు, కొబ్బరి పీచు మిల్లు ఎక్కించు. మనుషుల గొంతులుంటే మాత్రం వాళ్ళనడిగాకే.

ఐదు సెకన్ల మాట ఉత్తిదే. మన కాపీరైటు చట్టంలో ఇన్ని సెకన్లయితే పర్లేదన్న వెసులుబాటు ఎక్కడా లేదు. రికార్డింగు మీద హక్కు విడుదలైన మర్నాటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. బాణీ, సాహిత్యం హక్కులు వేరు, అవి రాసినవాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళుంటాయి.

మిక్సీ అన్న ఫ్రెండుకి ఇది చెప్పు: 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ కంపెనీ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్ళు అక్కడ టేపుల మీద చేసిన పని దశాబ్దాల తరబడి మూలనపడి ఉండి, ఈమధ్యే బయటికొచ్చింది. అవీ గుంయ్, కీచ్, బుడబుడలే.

*అటక మీది పాత కీబోర్డు దించితే నాలుగు మీటలు పలకట్లేదు. బాగవుతుందా? (రాజోలు)*

సముద్రం పక్కన అటక మీద పడేసి, పలకలేదని దాన్నే అంటే ఎలాగండీ! బహుశా మీటల కింద రబ్బరు పట్టీ మీదుండే నల్ల చుక్కలకి చెమ్మ, మురికి పట్టి ఉంటుంది. ప్లగ్గు, సెల్లులు తీసేసి, వెనక మరలు విప్పండి. పొట్టివీ పొడుగువీ కలిసిపోకుండా వేరువేరు గిన్నెల్లో వెయ్యండి. రబ్బరు పట్టీ మెల్లగా ఎత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో ఆ చుక్కల్నీ, అవి తగిలే బోర్డునీ తుడవండి. గట్టిగా రుద్దితే నలుపు ఊడొస్తుంది. పూర్తిగా ఆరాకే బిగించండి. అప్పటికీ ఆ నాలుగూ పలక్కపోతే పలకని మీటల పేర్లు, కీబోర్డు మోడల్ నంబరు రాసి పంపండి.