మీ ప్రశ్నలు, మా జవాబులు: లైకులు వచ్చాయి, బేరాలు రాలేదు

ఈ పక్షం మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఫోను గురించి, ఫోనులో కనబడే ప్రకటనల గురించి, వాటి వెనుక ఉన్న కంపెనీల గురించి అడిగినవే. వాటిలో కడప జిల్లా పాఠకులు పంపిన ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు చీరల అంగడి ఉంది. దసరాకు ముందు మా అబ్బాయి మాట విని, కొత్తగా వచ్చిన పట్టుచీరల వీడియోను డబ్బు కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో బూస్ట్ చేయించాము, అంటే ఎక్కువమందికి కనబడేటట్టు చేయించాము. లైకులు వేలల్లో వచ్చాయి. ఎక్కడెక్కడి వారో ‘సూపర్’ అని రాశారు. ఆ వీడియో చూసి వచ్చామని అంగడి మెట్లెక్కినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఇదంతా మోసమేనా?
– ఒక చీరల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: మోసమని అనలేము. మీ అబ్బాయి ఆ కంపెనీని ఏమి అడిగాడో అదే వచ్చింది. బూస్ట్ అన్న మీట నొక్కగానే మీకు ఏమి కావాలని అది అడుగుతుంది: మీ ఖాతాను ఎక్కువమంది చూడటమా, మీ వెబ్‌సైటుకు రావడమా, మీకు సందేశం పంపడమా అని. చాలామంది ఈ ప్రశ్నను చదవకుండానే ముందుకు పోతారు. చూసేవారు పెరిగితే చాలునని చెప్పినప్పుడు, ఏ వీడియో కనబడినా వేలు ఆడించే అలవాటున్నవారిని ఏరి వారికే మీ చీరలను చూపిస్తుంది. అటువంటివారికి చీర కొనే ఉద్దేశం ఉండనవసరం లేదు, ప్రొద్దుటూరు ఏ దిక్కున ఉందో తెలిసి ఉండనవసరం కూడా లేదు.

మీ ప్రకటన ఎవరి తెర మీద కనబడాలన్నది ప్రతిసారీ ఒక వేలంలో తేలుతుంది. కడప మార్కెట్ యార్డులో పసుపు వేలం మీకు తెలిసినదే, అక్కడ ఎక్కువ పాట పాడినవారిదే సరుకు. ఇక్కడ పాటతో పాటు మరో రెండు విషయాలు చూస్తారు. ఈ మనిషి ఈ ప్రకటనకు స్పందించే అవకాశం ఎంత, ప్రకటన నాణ్యత ఎంత అన్నవి ఆ రెండూ. అందువల్ల అందరికీ చూపించమని చెప్పి ఎక్కువ డబ్బు పెట్టినవారికంటే, సరైన మనుషులను ఎంచుకుని తక్కువ పెట్టినవారికే ఒక్కోసారి మేలు జరుగుతుంది. కట్టిన డబ్బు మీద 18 శాతం జీఎస్టీ అదనమన్న సంగతి కూడా మీ లెక్కలో ఉండాలి.

వచ్చే పండుగకు ఇలా చేసి చూడండి. లక్ష్యంగా సందేశాలను ఎంచుకోండి. పటం మీద మీ అంగడి దగ్గర గుర్తు పెట్టి, చుట్టూ 30 కిలోమీటర్లని నిర్ణయిస్తే జమ్మలమడుగు, మైదుకూరు, చాపాడు వైపు వారికి కనబడుతుంది. పెళ్లి చీరలకు దూరమైనా వస్తారనుకుంటే కడప వరకు పెంచండి. మరొక మాట, ఇది మా సొంత అభిప్రాయం: వీడియోలో చీర ధర చెప్పండి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అనే అలవాటు ఈ మధ్య ప్రతి అంగడికీ అంటుకుంది. ధర దాచితే నలుగురు అడుగుతారన్నది వారి ఆలోచన కావచ్చు, మాకు తెలిసిన ఆడవారిలో ఎక్కువమంది మాత్రం ధర లేని వీడియోను విసుక్కుని పైకి తోసేస్తారు.

దీనికంతటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ అంగడి పేరు, ఫోను నంబరు, తెరిచే వేళలు, నాలుగు ఫొటోలు నమోదు చేయండి. దీనికి ఖర్చు లేదు. ‘దగ్గరలో పట్టుచీరలు’ అని వెతికే మనిషి కొనడానికి సిద్ధపడినవాడు, వీడియోలు చూస్తూ కాలక్షేపం చేసేవాడికంటే మీకు అతడే ముఖ్యం. ఈ నమోదు చేసుకున్న అంగళ్లకు ‘మేము గూగుల్ నుండి మాట్లాడుతున్నాము, డబ్బు కట్టకపోతే మీ పేరు తీసేస్తాము’ అంటూ ఫోన్లు రావడం మామూలే. ఆ సేవకు గూగుల్ రుసుము తీసుకోదు కాబట్టి అటువంటి ఫోను వస్తే పెట్టేయండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా తోటలో బోరు మోటారు కాలిపోయిందని మా తమ్ముడితో ఇంట్లో కూర్చుని మాట్లాడిన సాయంత్రమే నా ఫోనులో మోటార్ల ప్రకటనలు మొదలయ్యాయి. ఈ కంపెనీలు మన మాటలు వింటున్నాయా? పైసా తీసుకోకుండా ఇన్ని సేవలు ఎందుకు ఇస్తున్నాయి?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: మీ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిది సగం తేలిపోతుంది, అందుకని దానితోనే మొదలుపెడతాము. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు దాదాపు 30,700 కోట్ల డాలర్ల ఆదాయం వస్తే, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రకటనల నుండే వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని మెటాకు అదే ఏడాది వచ్చిన సుమారు 13,490 కోట్ల డాలర్లలో 97 శాతానికి పైగా ప్రకటనలదే. కాబట్టి ప్రొద్దుటూరు చీరల వ్యాపారి ఈ కంపెనీలకు ఖాతాదారుడు, తెర ముందు కూర్చున్న మీరూ మేమూ ఆయనకు చూపించే జనం. ఏ కంపెనీ అయినా తనకు డబ్బు కట్టేవారి మాటే మొదట వింటుంది, అది లోకరీతి.

వాట్సాప్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. మొదట్లో అది ప్రకటనలు వద్దనే పట్టుదలతో నడిచింది, కొన్ని దేశాల్లో ఏడాదికి ఒక డాలరు రుసుము అడిగేది. 2014లో ఫేస్‌బుక్ దానిని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016లో ఆ డాలరు రుసుమును ఎత్తేశారు. 2021లో వినియోగదారుల సమాచారాన్ని మాతృసంస్థతో పంచుకునే కొత్త నిబంధనలను ఒప్పుకుని తీరాలన్నారు. ఆ తీరుకు, వ్యాపారాల్లో పోటీ సవ్యంగా సాగేటట్టు చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 జూన్‌లో వాట్సాప్ స్టేటస్‌లలోకి కూడా ప్రకటనలు తెస్తామని ప్రకటించారు. 1,900 కోట్ల డాలర్లు పెట్టినవారు ఏదో ఒక దారిలో వాటిని రాబట్టుకోక మానరు గదా.

ఇక మాటలు వినడం సంగతి. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైకు తెరిచి సంభాషణలను బయటికి పంపుతున్న యాప్ ఒక్కటీ వారికి దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం తెర మీద మనం చేసే పనిని చెప్పకుండా రికార్డు చేసి వేరే సంస్థలకు పంపుతూ దొరికిపోయాయి. మాటలు వినవలసిన అవసరం లేనంత సమాచారం వారి దగ్గర ముందే ఉందన్నది అసలు సంగతి. మీ తమ్ముడుగారు ఆ మధ్యాహ్నమే తన ఫోనులో మోటారు ధర వెతికి ఉండవచ్చు. మీ ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫైలో ఉంటాయి, ఒకరి నంబరు మరొకరి ఫోనులో ఉంటుంది, మీరిద్దరూ ఒకే తోటకు పోయి వస్తారు. దానికి తోడు ఎండాకాలంలో బోరుబావులున్న ప్రాంతమంతటా మోటార్ల ప్రకటనలు కుమ్మరిస్తారు. రోజూ వచ్చే వందల ప్రకటనల్లో మన మాటకు కలిసినది ఒక్కటే గుర్తుంటుంది, తక్కినవి మరచిపోతాము.

అయినా జాగ్రత్త మంచిదే. ఫోను సెట్టింగ్స్‌లో మైకు అనుమతి ఏయే యాప్‌లకు ఉందో చూడండి. టార్చిలైటు యాప్‌కు మైకుతో పని లేదు. ఆండ్రాయిడ్ 12 నుండి మైకు వాడుకలో ఉన్నప్పుడు తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు కనబడుతుంది. అదే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్ అన్న చోటికి పోయి, ప్రకటనల కోసం మీ ఫోనును గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించవచ్చు. ప్రకటనలు ఆగవు, కాకపోతే అవి మిమ్మల్ని అంటిపెట్టుకుని తిరగడం తగ్గుతుంది.

ప్రశ్న: మా అన్నది ఐఫోన్, నాది ఆండ్రాయిడ్. ఏది గొప్పదన్న వాదం మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆగడం లేదు. మీరైనా తీర్పు చెప్పండి.
– ఒక డిగ్రీ విద్యార్థి, పులివెందుల

జవాబు: ఐఫోన్ తయారుచేసే ఆపిల్‌కు ప్రధానంగా ఫోన్లు అమ్మడం వల్ల డబ్బు వస్తుంది, ఆండ్రాయిడ్‌ను తయారుచేసే గూగుల్‌కు ప్రకటనల వల్ల వస్తుంది. ఒకరు ధర ఎక్కువ పెట్టి గోప్యత గురించి గొప్పగా చెప్పుకోవడానికి, మరొకరు ఆండ్రాయిడ్‌ను ఫోన్ల తయారీదారులందరికీ ఇవ్వడానికి అదే కారణం. ఐఫోన్‌లలో తన సెర్చ్ ముందుగా ఉండేందుకు గూగుల్ ఆపిల్‌కు 2022లో 2,000 కోట్ల డాలర్లు కట్టినట్టు అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. ఆ రెండు కంపెనీలూ అంత సఖ్యంగా ఉండగా అన్నదమ్ములు మీరు సంగటి చల్లారబెట్టుకోవడం ఎందుకు?

ప్రశ్న: కడపలో ఎర్రకారం దోశ బండి దగ్గర నుండి పెద్ద రెస్టారెంట్ల వరకు వీడియోలు తీసేవారు ప్రతిదానినీ ‘నెక్స్ట్ లెవెల్’ అంటున్నారు. నమ్మి పిల్లలను తీసుకుపోయి రెండుసార్లు నిరాశపడ్డాను. వీరికి డబ్బు ముడుతోందా లేదా అని తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక గృహిణి, కడప

జవాబు: చట్టప్రకారం వారే చెప్పాలమ్మా. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు తీసుకున్నా, తిండి ఉచితంగా తిన్నా, హోటల్లో ఊరికే బస చేసినా, యజమాని బంధువైనా, ఆ సంగతిని చూసేవారికి స్పష్టంగా తెలియజేయాలి. వీడియో అయితే అందులోనే చెప్పాలి, కింద హాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. పొగిడిన వ్యక్తిని ఏడాది వరకు ఏ ప్రకటనలోనూ కనబడకుండా నిషేధించవచ్చు.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా దోశ వీడియోల మీదికి ఎవరూ కదలి రారని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కాబట్టి చూసే పద్ధతి మార్చుకోవలసి ఉంటుంది. వీడియోలో ధర, పరిమాణం, ఎంతసేపు ఆగవలసి వచ్చింది అన్నవి చెప్పారా, లేక నోట్లో ముద్ద పెట్టుకోగానే కళ్లు పెద్దవి చేశారా అన్నది గమనించండి. దోశ మధ్య దాకా కాలిందా, కారంలో ఉల్లి ఘాటు ఎంత, పప్పులపొడి చల్లారా లేదా అని చెప్పినవారు తిన్నవారు. అదే మనిషి పెట్టిన పాత వీడియోలను నాలుగు చూడండి. ఎక్కడా ఒక్క వంటకమైనా బాగాలేదని అననివారి మెచ్చుకోలుకు విలువ కట్టలేము. గూగుల్ మ్యాప్స్‌లోని అభిప్రాయాలను చదివేటప్పుడు ఐదు నక్షత్రాలవాటినీ, ఒక నక్షత్రంవాటినీ వదిలేసి మూడు నక్షత్రాలవాటిని చదవండి. డబ్బు తీసుకుని రాసేవారు గానీ, పగబట్టి రాసేవారు గానీ సాధారణంగా మూడు నక్షత్రాలు ఇవ్వరు.

సరదా కోసం చిన్న బండ్ల వీడియోలు తీసే కుర్రవాళ్లను మాత్రం మరీ తిట్టకండి. ఆ వీడియోల వల్ల నాలుగు దోశలు ఎక్కువ అమ్ముకున్న బండివారు కూడా ఉన్నారు.

ప్రశ్న: మా పాప కోసం ఒక చదువుల యాప్‌ను ఒక్క రూపాయితో మొదలుపెట్టాను. వారం తర్వాత నచ్చక యాప్‌ను తీసేశాను. అయినా నెలనెలా ఖాతాలో డబ్బు కోసేస్తున్నారు. రద్దు చేయబోతే ‘మీ పాప భవిష్యత్తు మీకు ముఖ్యం కాదా?’ అన్న ప్రశ్న తెర మీద కనబడింది. ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. ఆ ఒక్క రూపాయి కట్టినప్పుడు ఇకపై నెలనెలా తీసుకోవచ్చని మీరు అనుమతి ఇచ్చారు, అది బ్యాంకు దగ్గర నిలిచే ఉంది. మీరు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న విభాగం తెరవండి. అక్కడ ఆ కంపెనీ పేరు, మొత్తం, తర్వాతి తేదీ కనబడతాయి. దానిని రద్దు చేసి మీ పిన్ నొక్కితే ఈరోజే ఆగిపోతుంది. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే అందులోని సబ్‌స్క్రిప్షన్స్ విభాగంలో, కార్డు ద్వారా అయితే బ్యాంకు ద్వారా రద్దు చేయించుకోవాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. పాత సందేశాలను ఒకసారి తిరగేయండి, అవి వచ్చాయా లేదా అన్నది మీ ఫిర్యాదుకు పనికివస్తుంది.

పాప భవిష్యత్తు పేరుతో మిమ్మల్ని సిగ్గుపడేటట్టు చేసిన ఆ ప్రశ్న కూడా తప్పే. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయపద్ధతులను నిషేధించింది. వద్దన్నవారిని సిగ్గుపరచడం వాటిలో ఒకటి. ఉచితంగా చూడమని చెబుతూనే ఆటోపే అనుమతి తీసుకోవడం, రద్దు చేసే దారిని చిక్కుముడిగా పెట్టడం మరొకటి. కొనే బుట్టలో మీరు అడగని బీమానో విరాళమో చేర్చడం, ‘ఇంకా రెండే మిగిలాయి, 10 నిమిషాలే గడువు’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ పది నిమిషాల గడియారం నిజమా కాదా అన్నది తేల్చడం తేలికే. అదే పేజీని మీ ఇంట్లో మరొకరి ఫోనులో తెరిస్తే చాలాసార్లు గడువు మళ్లీ 10 నిమిషాల నుండే మొదలవుతుంది.

డబ్బు వాపసు కోసం ముందు ఆ కంపెనీకి ఈమెయిలులో రాయండి, ఫోనులో మాట్లాడితే రుజువు మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పవచ్చు. కోతల సందేశాలు, రద్దు తెర ఫొటోలు దగ్గర పెట్టుకోండి. అక్కడా తేలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. కంపెనీ కార్యాలయం బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న సేవ విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా లేదు.